పొగమంచులో పిలిచిన గొంతు

కంప్యూటర్లలో 2000 సంవత్సరం తేదీల చిక్కు సరిచేసే వై2కె పనిమీద నేను మెల్‌బోర్న్ వెళ్లిన కొత్తల్లో, మా ఆఫీసులోనే పనిచేసే కర్నూలు రఫీ అన్న ఒక ఆదివారం నన్ను సైక్లింగ్‌కు తీసుకెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బాంబర్ విమానాలు కూలిన చోట్లను కలుపుతూ కొండ అడవిలో వేసిన దారి అది. కూలిన ప్రతిచోటా చనిపోయినవారి పేర్లు చెక్కిన రాయి ఉంటుంది.

మధ్యాహ్నం ఉన్నట్టుండి పొగమంచు కమ్మేసింది. అంతలో నా సైకిల్ చైన్ ఊడింది. దాన్ని ఎక్కించి తలెత్తేసరికి ముందు వెళ్తున్న అన్న కనిపించలేదు. సైకిల్ నడిపించుకుంటూ ఒక రాయి దగ్గరికి చేరానో లేదో, పక్కనే ఎవరో మగగొంతుతో పిలిచారు.

"టామ్!"

కాస్త ఆగి మళ్లీ, "జార్జ్!"

ఎదురుగా రాయి మీద ఉన్నవీ అవే పేర్లు.

"రఫీ అన్నా!" అని అరిచాను. ఆ గొంతు ఆగిపోయింది. ఎండుటాకులు నలుగుతూ అడుగుల చప్పుడు నావైపే వచ్చింది. సైకిల్‌ను అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

మంచులోంచి ఒక ముసలాయన వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని.

"సారీ లవ్, భయపెట్టానా?" అన్నాడు, అక్కడి పెద్దవాళ్లు ఆడపిల్లలను ఆప్యాయంగా పిలిచే తీరులో.

అక్కడ కూలిన విమానంలో బతికి బయటపడింది ఆయనొక్కడేనట. "ఆరోజూ ఇలాగే మంచు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాను. ఎవరూ పలకలేదు. ఏటా వచ్చి పిలుస్తాను" అని మెల్లగా ఇంగ్లీషులో చెప్పాడు.

నా అరుపు విని రఫీ అన్న వెనక్కి వచ్చాడు. "ఏమాయె ఎస్తేరూ, అట్ల అరిస్తివి?" అన్నాడు ఆయాసపడుతూ. నాకు ఏడుపొచ్చింది.

పిలుపుకు ఎవరూ పలకకపోవడం ఎంత భయంకరమో నాకు ఆరోజే తెలిసింది. దిగేటప్పుడూ మంచు వీడలేదు. మలుపు మలుపుకీ అన్న నన్ను పిలుస్తూనే ఉన్నాడు. పిలిచిన ప్రతిసారీ నేను గట్టిగా పలికాను.