వాహెద్ గుర్తుపట్టే ఒక్క మాట

"ఎనిమిదేండ్ల సంది ఎవని సమాధి కాడ ఫాతెహా చదువుతున్నవ్ భాయ్‌జాన్? ఆ రాయి మీద మన అబ్బా పేరే లేదు."

జాహెదా గొంతు రాళ్ల కొట్టం దాటి కార్వాన్ సందులోకి వినిపించింది. బాలకిషన్ గుమ్మం బయటే ఆగిపోయాడు. డిగ్రీ సగంలో వదిలేసి, ఏడాదిగా ఆమె అన్న అబ్దుల్ వాహెద్ దగ్గర సమాధిరాళ్ల మీద తెలుగు పేర్లు సుద్దతో రాసిస్తున్నాడు. ఆ గీతల వెంట ఉలి నడపడం వాహెద్ పని.

జాహెదా కొత్త అల్లుడు అన్వర్, జహనుమా కబరస్తాన్‌కు వెళ్లి, ఇదెవరో మొహియుద్దీన్ సమాధి కదా అన్నాడట. అల్లుడి ముందు తల ఎక్కడ పెట్టుకోవాలని అడిగి ఆమె విసురుగా వెళ్లిపోయింది.

"చెక్కేటప్పుడు చదువలేదా భాయ్?" లోపలికి వచ్చి అడిగాడు బాలకిషన్.

"నాకు చదువొస్తే గద."

వాహెద్‌కు తెలుగు రాదని బాలకిషన్‌కు తెలుసు. ఉర్దూ కూడానా? ముప్పై ఏళ్లుగా సగం ఊరి పేర్లు చెక్కిన మనిషి! ఉర్దూ రాతగాడు కాతిబ్ రాసిన కాగితానికి సూదితో బెజ్జాలు పొడిచి, రాయి మీద పరిచి, బొగ్గుపొడి అద్ది, ఆ చుక్కల వెంట చెక్కడమే అతనికి తెలిసిన చదువు. ఎనిమిదేళ్ల కింద తండ్రి చనిపోయిన వారం, ఏడ్చి వాచిన కళ్లతో, మొహియుద్దీన్ పేరున్న గిరాకీ కాగితాన్నే తండ్రిదనుకుని రెండోసారి పరిచాడు.

బాలకిషన్ బళ్లో ఉర్దూ చదివినవాడే. కొత్త రాయికి పేరు రాసిస్తానన్నాడు. తాను చదవలేని పేరు మళ్లీ తండ్రి తల దగ్గర పెట్టనన్నాడు వాహెద్. సీమోను అనే క్రైస్తవ గిరాకీ చనిపోయిన తన భార్యకు చేయించుకుంటున్న రాయి మీద, "అబ్బా, తండ్రీ" అన్న వరుసపై వేలు పెట్టాడు.

"గీ మాట ఎర్కనే. సీమోను చూపిచ్చిండు. వాళ్ల ప్రార్థనల మా అబ్బా ఏంది అనుకున్న."

కాలేజీలో విన్నది బాలకిషన్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అది ఏసు మాట్లాడిన అరామిక్ మాట, అరబ్బీకి దగ్గరి చుట్టం. తెలుగు అబ్బకు ఆ చుట్టరికం లేదు, అయినా వెనకట మనకూ అబ్బంటే తండ్రే.

"ఇప్పుడైతే దెబ్బ తాకితే అంటం, లేకుంటే తిట్టుల అంటం" అన్నాడు.

వాహెద్ నవ్వలేదు. "సుత్తె వేలి మీద పడ్డప్పుడల్లా నేను గూడ గదే అన్న."

నున్నటి రాయిని అరచేత్తో తుడిచాడు. సుద్ద తీశాడు గానీ బాలకిషన్‌కు ఇవ్వలేదు, తన వేళ్ల మధ్యే పెట్టుకున్నాడు.

"ఉర్దూల ‘అబ్బా’ అన్న గదొక్క మాటే సాలు. నువ్వు రాయకు బాలకిషన్. నా చెయ్యి పట్టి రాయించు."