నూకరాజు మార్చని వంతు

నిన్న పొద్దున్న వాట్సాప్‌లో మెసేజ్. "మా అన్న నూకరాజు ఇక లేడు."

నమ్మలేదు.

బాధతో నమ్మలేకపోవడం కాదు, అచ్చంగా నమ్మలేదు. వాళ్ళ తమ్ముడి నంబర్ నుంచే వచ్చినా, ఎవడో హ్యాక్ చేసుంటాడు, కాసేపాగి ఓటీపీ అడుగుతాడు అనుకున్నాను. నేరుగా నూకరాజు నంబర్‌కే ఫోన్ కొట్టాను.

వాళ్ళావిడ ఎత్తింది.

"నిజవే అన్నయ్యా. గుండె పట్టుకుని కూలబడిపోయేరు. ఆస్పత్రికి తీసుకెల్లేలోపే..."

నలభై రెండేళ్ళు. ఇదేం పోవడంరా బావా!

నా సంగతి మీకు తెలుసు. కూరగాయల తూకం నుంచి పెళ్ళి శుభలేఖ దాకా అన్నీ రెండుసార్లు చూసే మనిషిని. ఆ బుద్ధితోనే నూకరాజుకి ఒక అన్యాయం చేశాను. దాని గురించే ఈ పోస్ట్.

తెలియనివాళ్ళకి ఒక ముక్క. మునగపాక దగ్గర మా పదకొండు కుటుంబాలకీ చెరకు ఆడించే క్రషర్ ఒక్కటే. వంతులవారీగా ఆడించి బెల్లం వండుకుంటాం. కొట్టిన చెరకు ఆగదు. వంతు తప్పితే ఎండిపోతుంది, రసం పులుస్తుంది. అందుకే వంతుల పుస్తకం దగ్గర ఏటా తగువులే.

నూకరాజు అనకాపల్లిలో ఉంటూ ఓ కంపెనీకి సర్వర్లు చూసేవాడు. చెరకు మాత్రం ఊళ్ళో తమ్ముడితో కలిసి వేసేవాడు. రెండేళ్ళ కిందట సీజన్‌కి ముందు వచ్చి, "పుత్తకం ఒద్దు బావా, కేలెండర్ పెడతాను. వొంతులన్నీ అందరి ఫోన్లలోనూ కనపడతాయి" అన్నాడు.

మూడు నెలలు ప్లాన్ చేశాడు. తెల్లకాగితం మీద గీతలు గీసి, ఎవరికి ఏ లాగిన్, ఎవరు ఏది మార్చొచ్చు, క్రషర్ దగ్గర సిగ్నల్ లేకపోతే ఎలా, సర్వర్ పడిపోతే బ్యాకప్ ఎక్కడ, అన్నీ రాసుకున్నాడు.

ఇంత ప్లాన్ ఎందుకు? నాకు అక్కడే అనుమానం.

"సర్వర్ ఎక్కడుంటాది?" అన్నాను.

"ఐదరాబాద్‌లో అద్దెకి తీసుకుంటాం."

"మనూరి వొంతులు ఐదరాబాద్‌లో ఎందుకురా? ఎవులు మార్సేరో నాకెలా తెలుత్తాది?"

నవ్వాడు. "అందుకే కదేటి బావా, ఎవులు మార్సినా పేరూ టైమూ పడేలా పెడతన్నాను."

"మెయిన్ పాస్‌వర్డ్ ఎవలి దగ్గర?"

"నా దగ్గరే."

అదిగో! దొరికాడు అనుకున్నాను.

ట్రయల్ మొదలుపెట్టాడు. ఆ నెలంతా రోజుకి రెండుసార్లు కేలెండర్ తెరిచి చూశాను. ఎవడు ఎవడి వంతు కొట్టేస్తున్నాడా అని. అందరివీ చూశాను. నా వంతు తప్ప. అది గురువారం అని నాకు తెలుసుగా, చూడ్డం ఎందుకు?

నా వంతు దగ్గరపడ్డాక, కొట్టుడు కూలీల వెంట తిరగడంలో కేలెండర్ తెరవడమే మానేశాను. బుధవారం చెరకు కొట్టించాను. గురువారం బండి తోలుకెళ్ళేసరికి క్రషర్ దగ్గర నూకరాజు వాళ్ళ చెరకు దింపుతున్నారు. ఫోన్ తీసి చూస్తే గురువారం వాళ్ళ పేరుంది. నా పేరు శనివారానికి పోయింది.

ఒళ్ళు మండిపోయింది.

"నా వొంతు మార్సీసేవు గదరా! పాస్‌వర్డ్ నీ దగ్గరెట్టుకున్నది ఇందుకేనేటి?" అని పదకొండు ఇళ్ళవాళ్ళ ముందూ అరిచాను. దొంగ అన్నాను. మార్చినవాళ్ళ పేరూ టైమూ చూడనైనా లేదు, పాస్‌వర్డ్ ఉన్నవాడు అవీ మార్చేస్తాడు కదా అనుకున్నాను.

వాడు తన ఫోన్ కాసేపు చూశాడు. జేబులో పెట్టేసుకున్నాడు. తమ్ముడితో, "మనది పక్కకి దింపించు. ముందు బావది ఆడనీ" అన్నాడు. అంతే.

వాళ్ళ చెరకు రెండు రోజులు ఎండలో పడుంది.

తప్పు లేనివాడు అలా తగ్గుతాడా? ఇదే మాట రెండేళ్ళు కనపడ్డవాళ్ళందరికీ చెప్పాను. కేలెండర్ మూలపడింది. మళ్ళీ పుస్తకమే, మళ్ళీ తగువులే. వాడు ఎదురైతే "బావా" అని పలకరించేవాడు. నేను "ఊఁ" అని వెళ్ళిపోయేవాణ్ణి.

నిన్న వాడింటి ముందు, ఇంకా పాడె లేవలేదు, మా ఊరి పెద్దాయన ఒకాయన అన్నాడు: "మంచోడే. ఆ వొంతు ఇసయంలోనే కూసింత కక్కుర్తి పడ్డాడు."

పక్కనే నూకరాజు కూతురు ఉంది. ఇంటర్ చదువుతోంది. తలెత్తి ఆయన్ని చూసింది. ఆ మాట పుట్టించిన నోరు నాది.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఏడుస్తూ చెప్పింది. "ఆ వొంతు నేనే మార్సేనండీ. ఆ గురువారం అమాసి. తొలి వంటకి ఆరోజు పొయ్యి ఎలిగిత్తామేటి? సోమారం మీ ఫోన్లోనే మార్సి, కోటవురట్ల మా యమ్మగారింటికి ఎల్లేను. మీరు రోజూ సూత్తన్నారు కదా, సూత్తారనుకున్నాను. తిరిగొచ్చేసరికి మీ కోపం సూసి నోరు పెగల్లేదు."

మీరు నమ్మరు గానీ, ఆవిణ్ణి కూడా అనుమానించాను. పోయినవాడి మీద జాలితో తప్పు తన మీద వేసుకుంటోందేమోనని.

కేలెండర్ తెరిచాను. సర్వర్ ఇంకా నడుస్తోంది. ఎవరూ వాడకపోయినా వాడు ఆపలేదు. హిస్టరీలో ఉంది: సోమవారం సాయంత్రం, గురువారం నుంచి శనివారానికి. మార్చినవారి పేరు, నాదే. గురువారం ఖాళీ అయ్యాకే, మర్నాడు, వాళ్ళ తమ్ముడు పేరు వేసుకున్నాడు. మార్పు జరిగినట్టు నోటీసు వెళ్ళింది నూకరాజుకి.

అంటే ఆ రోజు వాడు ఫోన్లో చూసింది ఇదే.

ఒక్కసారి తిప్పి చూపిస్తే నా నోరు పడిపోయేది. చూపించలేదు. నేను కాక నా ఫోన్ ముట్టుకునేది ఇంట్లో మా ఆవిడేనని వాడికి తెలుసు. అంత కోపంలో ఇంటికెళ్ళి ఆవిణ్ణి నేను ఏం చేసేవాణ్ణో కూడా తెలుసు. వాడికి ఆవిడ చెల్లెమ్మ. చెల్లెమ్మ కోసం దొంగ అనిపించుకున్నాడు.

నాకు సిగ్గుగా ఉంది.

ఇది రాయమన్నది మా ఆవిడే. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనకండి, అనాల్సింది నన్ను. పదకొండు ఇళ్ళవాళ్ళూ చదవండి, చదవడం రాని పెద్దలకి చదివి వినిపించండి: నూకరాజు ఎవరి వంతూ మార్చలేదు. రేపు పొద్దున్న ఆ పెద్దాయన్ని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్తాను. ఈ మాటే ఆ పిల్ల ముందు నా నోటితో చెబుతాను.

ఉంటాను బావా. నీ మీద వేసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఏ బరువూ లేకుండా ప్రశాంతంగా వెళ్ళు.