బిగువుగా కూర్చున్న మెడ

మా చెల్లెలు సాధించిన మొదటి విజయం ఒక మెడను నిటారుగా నిలబెట్టడం. మనిషి మెడ కాదు, బేస్ గిటారు మెడ. మూడు దుకాణాలవాళ్ళు చూసి, ఇక పనికిరాదు, గోడకు తగిలించుకోండని తిప్పి పంపిన వాయిద్యం అది. జపాన్‌లో తయారై నలభై ఏళ్ళు దాటింది. ఏదో చెమ్మగోదాములో పడుండి, పిండిన బట్టలాగా మెడ మెలితిరిగిపోయింది. అప్పటికి చెల్లెలికి ఇరవైమూడేళ్ళు. నా వడ్రంగం షెడ్డులో ఒక మూల అడిగి తీసుకుంది. వేడి చేయడం, బిగించడం, వారం ఆగడం, విప్పి చూడడం. రెండుసార్లు మళ్ళీ మొదటికొచ్చింది. పదకొండో వారంలో మెడ మీద ఉక్కుబద్ద పెట్టి వెనక నుంచి దీపం చూపిస్తే, వెలుతురు దూరే సందు లేదు. ఆ రోజంతా నేను షెడ్డు ముందు నిలబడి, దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చూపించాను.

నేను ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. తలుపులు, కిటికీలు, మంచాలు చేయడం నా పని, ముప్పయ్యారేళ్ళుగా. వాద్యకారుల సంఘంవారు తమ సంచికకు మా చెల్లెలి గురించి రాయమని ఆమెనే అడిగారు. "నాకు చేతులతో తప్ప నోటితో పని రాదండీ, మా అన్నయ్యను అడగండి" అందట. అందుకని రాస్తున్నాను. చెప్పుకోకూడదు గానీ, ఆమెకు ఉలి పట్టుకోవడం నేర్పింది నేనే.

బేస్ అంటే తెలియనివారికి ఒక మాట. లావుపాటి నాలుగు తీగలుండి, పాట కింద నేలలాగా పలికేది. చాలావాటికి మొండెం వేరు, మెడ వేరు. మొండెంలో ఒక గూడు తొలిచి, అందులో మెడను కూర్చోబెట్టి, వెనక నుంచి నాలుగు స్క్రూలు బిగిస్తారు. జపాన్‌వాళ్ళు డెబ్బయ్యో దశకంలో చేసినవంటే మా చెల్లెలికి ప్రాణం. అవి చేతికొస్తే చాలు, విప్పి, తూచి, కొలిచి నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ఇప్పటికి అరవైరెండు వాయిద్యాలు రాసింది. ఏ మొండెం సెన్ అనే జపాన్ చెక్కతో చేసింది, ఏది పొరలు అతికించిన చెక్క, ఏది మహాగనీ, ఏ మెడ ఒక్క ముక్క మేపుల్, ఏ మెడ మూడు ముక్కలు, తల దగ్గర వెడల్పు ముప్పయ్యెనిమిది మిల్లీమీటర్లా నలభైరెండా, అన్నీ ఉంటాయి. రంగు కింద ఏ చెక్క ఉందో వేలితో తట్టి చెబుతుంది. నేను నాలుగుసార్లు పరీక్ష పెట్టాను, నాలుగుసార్లూ నేనే ఓడాను. వాయించేవాళ్ళు ఆమెను మెడలక్క అంటారు. పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు.

ఆ పేరు మా చెల్లెలి భర్తకు నచ్చదు. అతను వాయిద్యాల వైరింగు పని చేస్తాడు. ధ్వని అంతా మొండెం చెక్కలోంచే వస్తుందని అతని వాదన.

"మెడదేముందే, పిడి లాంటిది. పాడేది ఒళ్ళు."

"అయితే మీరు మెడ తీసేసి పాడి చూపించండి."

"నేను పాడితే నువ్వు వింటావా ఏంటి?"

"అందుకే మెడ తీసేయమంటున్నా."

పదేళ్ళుగా ఇదే గొడవ. ఈ జనవరిలో అది తేలిపోయే అవకాశం వచ్చింది. ఒకే కర్మాగారంలో, ఒకే ఏడాది, రెండు నెలల తేడాతో తయారైన రెండు బేసులు ఒకే వారంలో షెడ్డుకొచ్చాయి. రెండూ సెన్ మొండేలే, రెండూ మేపుల్ మెడలే, రెండింటి రంగూ ఒకటే.

మొదటిది, వాయించేవాళ్ళంతా మాస్టారు అని పిలిచే పెద్దాయనది. ముప్పయ్యెనిమిదేళ్ళుగా అదొక్కటే వాయించిన మనిషి. పోయినేడాది చివర్లో పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది. వ్యాయామం చేయించే ఆవిడ, ఈ ఆరు నెలల్లో ఎంత కదలిక వస్తే అంతే, తర్వాత రాదు అని చెప్పిందట. రోజూ గంటసేపు ఆ మెడ మీదే చెయ్యి ఆనించి కూర్చుంటే, చూపుడువేలు వచ్చింది, నడిమివేలు వచ్చింది, ఉంగరపువేలు కదలడం మొదలైంది. తీగలు ఇంకాస్త కిందికి దింపితే నొక్కడం తేలికవుతుందని తెచ్చారు. చెల్లెలు దింపి ఉంచింది.

రెండోది ఓడాయనది. షికారు ఓడ మీద బ్యాండులో వాయిస్తాడు. సన్నతీగ మీద ఏడో మెట్టు నొక్కితే స్వరం పుట్టగానే చచ్చిపోతోందని తెచ్చాడు.

మా చెల్లెలు ఇద్దరినీ అడిగి, ఒక్కపూటకు రెండు మెడలూ మార్చి చూస్తానంది. సరేనన్నారు. మార్చింది. చచ్చిపోయే స్వరం మెడతో పాటే పోయింది. ఓడాయన మెడను మాస్టారి మొండేనికి పెడితే అక్కడా ఏడో మెట్టు మూగపోయింది. మాస్టారి మెడతో ఓడాయన మొండెం గంటలాగా పలికింది. మొండెం మారినందుకు ధ్వనిలో కాస్త బరువు మారిందే గాని, జబ్బు మాత్రం మెడదే. ఆ సంగతి నోటుపుస్తకంలో రాసి, కింద రెండు గీతలు గీసింది. భర్త గీతలు చూసి, "సరే తల్లీ, మెడే గెలిచింది" అని టీ పెట్టడానికి వెళ్ళాడు.

మెడలు రెండూ విప్పి బల్ల మీద పెట్టగానే బడి నుంచి ఫోను, చెల్లెలి పాపకు జ్వరం అని.

"అన్నయ్యా, వీటిని ముట్టుకోకు. నేనొచ్చి బిగిస్తా" అంటూ పరుగెత్తింది.

ముట్టుకునేవాణ్ణి కాదు గానీ, గంటలో ఓడాయన ఆటోలోంచి దిగాడు. ఓడ సాయంత్రమే బయల్దేరుతోందట, ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్యమన్నాడు. ఫోను చేసి అడగొచ్చు. అడగలేదు. నాలుగు స్క్రూల పనికి నేను అడగడమేమిటి అనుకున్నాను.

బల్ల మీద రెండు మెడలు, రెండు మొండేలు. మెడలు రెండూ వెనక పాలిష్ అరిగినవే. వడ్రంగివాడికి ఒకటే లెక్క: ఏది ఏ గూట్లో బిగువుగా కూర్చుంటే అది దానిదే. ఒక మెడను మాస్టారి మొండెంలో పెడితే పక్కన రంపపు బ్లేడు దూరేంత సందు, కింద ఎవరో పెట్టిన అట్టముక్క. ఆ అట్టముక్క చూసి నాకు సిగ్గేసింది, ఇంత మంచి కర్మాగారంవాళ్ళు ఇలా వదులుగా చేస్తారా అని. రెండో మెడ పెడితే డబ్బాకు మూతలాగా కూర్చుంది. ఇదే దీనిది అని బిగించి, మిగిలినదాన్ని ఓడాయన మొండేనికి బిగించేశాను. అట్టముక్క ఊడ్చేశాను. మా చెల్లెలి భర్త తీగలు కట్టాడు.

ఓడాయన మీటి చూసుకున్నాడు. ఏడో మెట్టు ఖంగుమంది. అతను లేచి నన్ను కావలించుకున్నాడు.

"ఎలా చేశారండీ?"

"బిగువు కుదరాలి బాబూ, అంతే" అన్నాను.

చచ్చిపోయే స్వరం మెడదేనని పొద్దున నా కళ్ళముందే తేలింది. అయినా ఆ స్వరం పలికితే నా పనితనమే అనుకున్నాను. మర్నాడు మాస్టారి భార్య వచ్చి ఆయన బేసు తీసుకెళ్ళారు. చెల్లెలు నాలుగు రోజులు పాప దగ్గరే ఉంది. ఫోనులో అడిగితే, "ఇద్దరూ సంతోషంగా పట్టుకెళ్ళారు" అన్నాను.

ఎనిమిదో రోజు మాస్టారు వచ్చారు. భార్య భుజం పట్టుకుని, మెల్లగా.

"ఇది నా మెడ కాదమ్మా."

"అదేంటి మాస్టారూ, నంబరు చూడండి, మీదే" అంది చెల్లెలు, వెనక రేకు చూపిస్తూ.

"నంబరు కళ్ళతో చూసేది కదమ్మా. నా చెయ్యి దీన్ని ఎరగదు. బొటనవేలు పెడితే జారిపోతోంది. మూడో వేలు మళ్ళీ ముడుచుకుపోయింది."

"మంచంలోంచి లేచిన దగ్గర్నుంచి ఇదే గోల" అన్నారు ఆయన భార్య. "కొత్త తీగలు కదా, అలవాటవుతుందిలెండి అంటే వినరు. ఆ చెయ్యి నన్ను కూడా గుర్తుపట్టకపోతే అప్పుడు ఒప్పుకుంటానన్నాను."

"నిన్ను చెవులతో గుర్తుపడతానే" అన్నారు మాస్టారు. నవ్వలేదు మాత్రం.

మా చెల్లెలు సన్నతీగ మీద ఏడో మెట్టు నొక్కి మీటింది. స్వరం చచ్చిపోయింది. ఆమె నా వైపు చూసింది. స్క్రూలు విప్పింది. ఆ రేకు మొండెంతో ఉండేది, మెడతో కాదు. మెడకు గుర్తు అడుగున, గూట్లోకి పోయే చోట వేసిన ముద్ర ఒక్కటే. ఆమె పుస్తకంలో రాసుకున్న మాస్టారి ముద్ర వేరు, ఇది వేరు.

"అన్నయ్యా, నువ్వు బిగించావా?"

"బిగువుగా కూర్చుంది కదా అని..."

అట్టముక్క మీద వదులుగా కూర్చున్నదే మాస్టారి అసలు మెడ. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మాస్టారికి మాత్రం, "తప్పు మా ఇంట్లోదే మాస్టారూ, మీ మెడ నేను తెస్తాను" అంది.

ఉన్న మెడనే చెక్కి మాస్టారి మెడలాగా చేయవచ్చు కదా అన్నాను. "ఇది ఓడాయనది. పరాయి మెడ మీద ఉలి పెడతానా?" అంది. కొత్త చెక్కతో నేనే చెక్కుతానన్నాను. మూడు రోజులు కూర్చుని, ఆమె పుస్తకంలోని కొలతల ప్రకారం మేపుల్ ముక్క చెక్కి, నునుపు చేసి మాస్టారి చేతిలో పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని పట్టుకున్నారు. "పని బావుందయ్యా" అని మర్యాదగా బల్ల మీద పెట్టేశారు. అరవైరెండు వాయిద్యాలు రాసిన మనిషి నోటుపుస్తకంలో కూడా, ముప్పయ్యెనిమిదేళ్ళు ఒక బొటనవేలు అరగదీసిన లోతు రాసి లేదు.

ఓడాయన పది రోజులకు ఫోనులో దొరికాడు. ఓడ సముద్రంలో ఉంటే దొరకడు.

"అక్కా, ఇది ఇప్పుడే ఇంత బాగా పలుకుతోంది. ఇప్పుడు ఇచ్చెయ్యమంటే ఎలా?"

"బాగా పలుకుతోందంటే మీది కాదు గనకే కదండీ. మీదానికి తలదగ్గర చిన్న ఇత్తడి బిళ్ళ వేసి ఇస్తాను, అదీ పలుకుతుంది."

"చూద్దాంలే అక్కా, ఓడ రేవుకు రానీ."

ఆ "చూద్దాం" పట్టుకుని ఆమె బయల్దేరింది. ఓడాయన మెడను దుప్పటిలో చుట్టి, రెండు చెక్కల మధ్య కట్టి ఇచ్చాను. నేనూ వస్తానన్నాను. "వద్దు. అక్కడ రెండు మెడలూ ఒకచోట చూస్తే నువ్వు మళ్ళీ బిగువు చూస్తావు" అంది. నవ్వుతూనే అంది. నేను షెడ్డులోనే ఉండిపోయాను.

రేవు దాకా రైల్లో పద్దెనిమిది గంటలు. ఆమె వెళ్ళేసరికి గాలి ఎక్కువగా ఉందని ఓడ ఆగకుండా పోయింది. అక్కణ్ణుంచి బస్సులో తర్వాతి రేవుకు వెళ్ళింది. అక్కడ ఓడ దొరికింది. పైకి వెళ్ళనివ్వలేదు. గేటు దగ్గర ఆరు గంటలు నిలబడితే ఓడాయన దిగి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. మాస్టారి చెయ్యి సంగతి విని, మెడ తిరిగి ఇవ్వాల్సిందేనని ఒప్పుకున్నాడట. కాని ఈ ప్రయాణంలో ఇంకా ఆరు కచేరీలున్నాయి, మధ్యలో వాయిద్యం విప్పితే బ్యాండువాళ్ళు ఊరుకోరు, ఓడ చుట్టు తిరిగి మార్చి పదహారో తేదీన మళ్ళీ ఇక్కడికే వస్తుంది, ఆ రోజు విప్పి ఇస్తానన్నాడు. మాట ఇచ్చాడు. ఓడ వెళ్ళిపోయింది. చెల్లెలు రేవు పక్కన అద్దెగదిలో ఉంది. ఆ మాట నిలబెట్టుకుంటాడో లేదో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇక్కడ మాస్టారికి ఆరు నెలల్లో నాలుగు అయిపోయాయి. మూడో వేలు కదలడం లేదు. రెండో వేలు కూడా నెమ్మదించిందని ఆయన భార్య నాతో చాటుగా అన్నారు. రోజు విడిచి రోజు ఇద్దరూ షెడ్డుకు వస్తారు. నేను బెంచీ తుడిచి వేస్తాను. ఆయన ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నేను తలుపులు చిత్రిక పడుతుంటే చూస్తూ కూర్చుంటారు. నాకు చిత్రిక తిన్నగా పోదు.

నిన్న పాప వచ్చి, "మామయ్యా, అమ్మ ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మాస్టారు తలెత్తారు. ఆయన కూడా అదే అడగాలనుకుని ఊరుకున్నట్టున్నారు. పాపకే చెబుతున్నట్టు, ఇద్దరికీ వినిపించేలా చెప్పాను. అమ్మ రైలు టికెట్టు కొనేసింది. వచ్చేది మార్చి పంతొమ్మిదో తేదీ, గురువారం.