పది దండలకు ఒకటి ఫ్రీ

రాయచూరులో బస్సెక్కేసరికే కోపంతో ఉన్నాను. బడిలో చేసిన రక్తపరీక్షలో ఎనిమిదేళ్ల నా కొడుక్కి కొలెస్ట్రాల్ ఎక్కువని తేలింది. పక్కన కూర్చున్న పెద్దామె ఒళ్లో చిప్స్ ప్యాకెట్ల దండలున్నాయి. ఒక ప్యాకెట్ తెంపి వాడి చేతిలో పెట్టింది. నేను లాక్కుని కింద పడేశాను.

"పిల్లగానికి విషం పెడ్తవా? వీని రక్తంల కొవ్వుందంట!"

ఆమె బిత్తరపోయింది. "ఇడపనూరు బడి కాడ నేను ఉడకబెట్టిన పల్లీలు అమ్మినప్పుడు, డాక్టర్లొచ్చి పిల్లలకు రక్తమే లేదంటుండ్రి. ఇప్పుడు కొవ్వంటున్రా అమ్మా?"

"మరి పల్లీలే అమ్మరాదా?"

"పది దండలకు ఒకటి ఫిరీ అని సావుకారి ఆశ పెట్టిండు. పల్లీలు ఇడిసిపెట్టిన."

ఆమె కాళ్ల దగ్గరున్న సంచి మీద మా మామగారి దుకాణం పేరుంది. బీకాం చదివిన కోడలిగా ఆ ఉపాయం చెప్పింది నేనే.

ఆమె ప్యాకెట్ ఏరుకుంటూ అంది. "ఆ సావుకారి ఇంట్ల పిల్లలు గివి తింటరంటవా?"

నా కొడుకు ఆ ప్యాకెట్ కోసమే ఏడుస్తున్నాడు. వాడి వీపు మీద గట్టిగా చరిచాను.

"పిల్లగాడేం జేసిండమ్మా?" అంటూ ఆమె వాణ్ని తన వైపు లాక్కుంది.