ఎగువ ఎడ్లు, దిగువ జొన్న

నా ఆఖరి పోస్టింగు కోయిలకుంట్ల. రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, రబీ మొదట్లో నీటిపారుదల శాఖ డిప్యూటీ ఇంజనీరుగా అక్కడ చేరాను. ఆ ఏడు వాన ముఖం చాటేసింది. కాలువకు వదలగలిగిన నీళ్లు కొద్దిగానే మిగిలాయి.

ఉన్న నీళ్లు ఎక్కడ పారితే ఎక్కువ పంట దక్కుతుందో లెక్కగట్టడం మా పని. వరి నాటితే ఆ నీళ్లన్నీ ఎగువ మళ్లే తాగేస్తాయి. ఆరుతడికి, అంటే అప్పుడప్పుడు తడిపితే చాలనే పంటలకు ఇస్తే కాలువ చివరిదాకా జొన్న గట్టెక్కుతుంది. చిట్టచివర సుందరమ్మ అనే రైతు జొన్నచేను పొట్ట మీద, కంకి తీసే దశలో ఉంది. ఆమెకున్న భూమి అదొక్కటే. ఒక్క తడి తప్పితే కంకులన్నీ తాలే.

కానీ ఎగువన ఓబుల్‌రెడ్డి అనే పెద్ద రైతు అప్పటికే వరి నారు పోశాడు. అక్కడి రైతులందరికీ ఆయన మాటే మాట. ఆర్డరు నేను వేయగలను. కన్నుగప్పి తూములెత్తేవాళ్లను కాలువకు కాపలా ఉండే మా లస్కరు ఒక్కడే ఆపలేడు. అందుకని రెడ్డి ఇంటికే వెళ్లాను.

బండలాగుడు పోటీల ఎడ్లంటే ఆయనకు ప్రాణం. నన్ను పశువుల కొట్టం ముందు, వాటికి ఎదురుగానే కూర్చోబెట్టాడు. నారు సిద్ధంగా ఉంది, కుదరదని మర్యాదగానే చెప్పి ఎడ్ల కబుర్లలోకి దిగాడు. ఏం మేపుతారని అడిగాను. ముఖం వెలిగిపోయింది. వరిగడ్డి ముట్టవట, జొన్నసొప్పే కావాలట, అదీ ఏటా సుందరమ్మ చేనిదేనట. అంతవరకూ వచ్చి ఆగిపోయాడు. నేను నీళ్ల మాట ఎత్తకుండా ఎడ్ల వైపు చూశాను. అది నాకెంత కష్టమో మా ఆవిడనడగాలి.

రెడ్డి లేచి ఎద్దు మూపురం నిమిరాడు.

"నారు ఎండితే ఎండనీ సార్. సొప్ప లేకుంటే నేనేం మొగం పెట్టుకొని కొట్టంలోకి పోవాల? నీళ్లు కిందికి ఇడవండి."

నీళ్లు వదిలాక తూము తూముకూ ఆగి, ఎత్తబోయినవాళ్లను మందలిస్తూ చివరిదాకా నడిచింది ఆయనే. నేనూ వెంట ఉన్నాను. గట్టు మీద సుందరమ్మ పలకరించింది.

"ఏం రెడ్డన్నా, నాట్లు మానుకొని ఈడ తిరుగుతాండావే?"

"నారంతా మా ఎడ్లు మేసినాయి లేమ్మా."

ఆమెకు అర్థమైంది. కొంగుతో కళ్లు ఒత్తుకుని నీళ్లు కట్టడానికి చేన్లోకి దిగింది. రెడ్డి మీద నాకు ఆ రోజు పుట్టిన ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు.

ఆయన నారు ఎండిపోయింది. జొన్న దక్కింది. కోతయ్యాక మొదటి బండి సొప్ప రెడ్డి కొట్టానికే వెళ్లింది. నీటి లెక్క వేసేవాడు చేలతో పాటు కొట్టాలు కూడా చూసి రావాలి. దిగువ పంట మీద ఎగువ ఊళ్లో ఎవరు బతుకుతున్నారో తెలిస్తే, తూముకు కాపలా మనం పెట్టక్కర్లేదు.