కోట మీదికి బిర్యానీ గిన్నె

మారిషస్‌లో చూడవలసిన పాత కట్టడాలన్నీ నేను బిర్యానీ గిన్నె మోస్తూ చూశాను.

మేము డర్బన్ పక్క ఫీనిక్స్ వాళ్లం. చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ల మునిమనవలం. తెల్లా నల్లా తేడా లేకుండా మా దేశంలో అందరం మొదటిసారి ఓటు వేసిన మరుసటి ఏడు నాన్న బట్టల ఫ్యాక్టరీలో రిటైరై, అమ్మనూ నన్నూ ఆ ద్వీపానికి తీసుకెళ్లాడు. ఆయన కోరిక ఒక్కటే. అమ్మ ఒక మంచి హోటల్లో, తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు కూర్చుని, ఇంకెవరో వడ్డిస్తే తినాలి. మా ఊళ్లో అలాంటి చోట్లు తెల్లవాళ్లకే, మమ్మల్ని గడప తొక్కనిచ్చేవారు కాదు. అందుకే ఎక్కడికి బయలుదేరినా అమ్మ వండిన గిన్నె మా వెంట రావలసిందే. ఆ రోజులు పోయాయంటే ఆమె నమ్మదు.

ఆ పొద్దున కూడా నాన్న వద్దు వద్దంటుంటే, బస చేసిన ఇంట్లో పొయ్యి వెలిగించి, మా ఊరి పద్ధతిలో మసూరు పప్పు వేసి బిర్యానీ వండేసింది. అమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాన్ననైనా మా ఊరి ఇంగ్లీషులో "మేన్" అనే అంటుంది.

"నువ్వు ఊరుకో, మేన్. ఆడ మనకి పెట్టకపోతే? పిల్లకి ఆకలేస్తే?"

ఆ పిల్లకు అప్పటికి ముప్ఫై దాటాయి.

కొండమీద కోటలో గైడు ఫ్రెంచివాళ్ల గురించి, ఇంగ్లీషువాళ్ల గురించి ఏదో చెబుతున్నాడు. నాకు చేతులు లాగేస్తున్నాయి. దుప్పటి చుట్టిన గిన్నెను ఫిరంగి పక్కన దించాను. దాన్ని దేవుడి సామాను అనుకుందో ఏమో, ఒక దొరసాని చేతులు జోడించింది! నాన్న నవ్వలేక చచ్చాడు.

తర్వాత రేవు దగ్గర, మావాళ్లలాగే చెరుకు తోటలకు వచ్చిన కూలీలు ఓడ దిగి ఎక్కిన రాతి మెట్లు చూశాం. మావాళ్లు దిగింది డర్బన్‌లో. అయినా అమ్మ చెప్పులు విప్పి దణ్ణం పెట్టింది.

మధ్యాహ్నం గిన్నెను మమ్మల్ని తిప్పుతున్న బస్సు డ్రైవరుకు అప్పగించి హోటలుకు వెళ్లాం. గుమ్మం ముందు అమ్మ ఆగిపోయింది. 'తెల్లవాళ్లకు మాత్రమే' అన్న బోర్డు కోసం తలుపుకు అటూ ఇటూ వెతికింది.

"మనకి సైడ్ డోర్ ఉందేమో అడుగు."

"రావే. ఓటేసినాం గదా," అన్నాడు నాన్న. ఓటేసింది మా దేశంలో, ఇది వేరే దేశం. ఆయన గొంతులో ధీమా విని, ఆ మాట అనకుండా తలుపు తోశాను.

లోపల సర్వరు అమ్మ కోసం కుర్చీ వెనక్కి లాగాడు. తనను కూర్చోనివ్వకుండా దాన్ని తీసుకుపోతున్నాడనుకుని అమ్మ "సారీ, సారీ" అంటూ రెండడుగులు వెనక్కి వేసింది. నాకు ఏడుపొచ్చింది. నాన్న ఆమె భుజం పట్టి కూర్చోబెట్టాడు.

వేడన్నం, చేపల కూర వచ్చాయి. అమ్మ అలవాటుగా లేచి గరిటె అందుకుంది. సర్వరు దాన్ని మెల్లగా తీసుకుని మొదట ఆమెకే వడ్డించాడు. మేమిద్దరం చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాం. మాకంటే ముందు అమ్మ వేడన్నం తినడం నేను చూసింది అప్పుడే.

"ఉప్పు చాల్లేదు," అంటూనే మళ్లీ పెట్టమని పళ్లెం జరిపింది.