యాప్రాల్ నుంచి బేగంపేటకు, ఒక బస్తా ఇసుకతో

యాప్రాల్ నుంచి బేగంపేట వెళ్లడం కూడా ఒక ప్రయాణమేనా అని మీరు నవ్వుకోవచ్చు. ఈ బ్లాగులో ఇంతకుముందు కొండలెక్కిన కథలు, గుళ్లు తిరిగిన కథలు చాలా రాశాను. కానీ దారి పొడవునా గుండె దడదడలాడుతూ చేసిన ప్రయాణం మాత్రం ఇదే. మా ఆయన సైన్యంలో కర్నల్‌గా రిటైరయ్యారు. తుపాకులు పేల్చే విభాగం కాదు, సరిహద్దుల్లో ఉన్నవాళ్లకు బియ్యం, పప్పు, కిరోసిన్ చేరవేసే విభాగం. పార్టీల్లో తోటి ఆఫీసర్లు "పప్పుబియ్యం సాబ్" అని ఆటపట్టిస్తే ఈయన నవ్వి ఊరుకునేవారు, నాకే ఒళ్లు మండేది. రిటైరయ్యాక మిగతావాళ్లు గోల్ఫ్ ఆడుకుంటుంటే, ఈయన పిల్లల వయసు వాళ్ల పక్కన కూర్చుని రక్షణ వ్యూహాల మీద ఎమ్మే చేసి, ఆపైన బేగంపేటలోని ఒక అధ్యయన కేంద్రంలో పీహెచ్‌డీకి చేరారు. మంచుకొండ మీద ఒక పోస్టు నిలబడుతుందా లేదా అన్నది సైనికుల సంఖ్య తేల్చదు, మంచు పడకముందు పైకి చేరిన సరుకే తేలుస్తుంది అన్నది ఆయన వాదన.

ఆ వాదన పోయినసారి సెమినార్‌లో చతికిలబడింది. గంటసేపు స్లైడ్ల మీద స్లైడ్లు చూపించారు. కమిటీలోని పెద్ద ప్రొఫెసరు గారు అంతా విని, "ఇది ఆర్డరులా ఉంది కర్నల్, వాదనలా లేదు. సరుకు లెక్క చూడడం గుమాస్తా పని, వ్యూహం కాదు" అన్నారు. ఈయన తడబడుతూ స్లైడ్లు మూసేశారు. మా అమ్మాయి వయసున్న గైడ్ మృదుల బతిమాలి ఇంకొక్క అవకాశం ఇప్పించింది. ఈసారి కూడా ఒప్పుకోకపోతే రిజిస్ట్రేషన్ గడువు తీరిపోతుంది, ఇన్నేళ్ల చదువూ గంగలో కలిసినట్టే. కొన్నాళ్లు గడిచాక, ఒకరోజు కాఫీ తాగుతూ, "స్లైడ్లు వద్దు. ఇసుకతో చేసి చూపిస్తా" అన్నారు. సైన్యంలో ఏదైనా పనికి దిగే ముందు ఇసుకతో కొండలు, దారులు పేర్చి, చుట్టూ నిలబడి మాట్లాడుకుంటారు. పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్నచోట అడిగి, ఒక చిన్న బస్తా తడి ఇసుక తెచ్చారు.

సెమినార్ రోజు పొద్దున ఏడున్నరకు యాప్రాల్‌లో సికింద్రాబాద్ బస్సు ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి, "నేను ఫ్రీ, మీకూ మీ ఇసుకకే ఖర్చు" అన్నాను. ఆయన నవ్వలేదు. స్టేషన్ దగ్గరికి రావడానికి గంట పట్టింది. చిలకలగూడ వైపు ఒక బండి దగ్గర ఇడ్లీ తిని (ప్లేటు నలభై, అల్లం చట్నీ బాగుంటుంది), సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో ఎక్కుదామని మెట్లెక్కాం. బేగంపేటకు మనిషికి పాతిక ముప్పై అవుతుంది, పావుగంట దారి. తనిఖీ దగ్గర గార్డు బస్తా తట్టి చూశాడు.

"ఏందిది సార్?"

"ఇసుక."

"ఇసుక ఎందుకు సార్ మెట్రోల? నీళ్లు సుత కారుతున్నయ్. మెషిన్ల పెడితె ఖరాబైతది. పోనియ్యం."

"మీ మిలిటరీ కార్డు చూపించండి" అని నేను మోచేత్తో పొడిచాను. "ఆ అబ్బాయి డ్యూటీ ఆ అబ్బాయి చేస్తున్నాడు. అక్కడ నేనున్నా పోనివ్వను" అన్నారు ఈయన. పోనీ ఆటోలో వెళ్దామంటే, కింద రోడ్డు మీద బండి బండికి ఆనుకుని ఉంది. పదింటికి సెమినార్‌లో లేకపోతే ఇసుక ఉండి ఏం లాభం? ఒక్క క్షణం ఆలోచించి, కింద ఫుట్‌పాత్ బాగుచేస్తున్న మేస్త్రీకి బస్తా ఇచ్చేశారు. నాకు ఏడుపొచ్చింది. రైల్లో, "ఇప్పుడేం చేస్తారు?" అని అడిగితే, "అక్కడ వంటగది ఉంది కదా" అన్నారు.

ఆ అధ్యయన కేంద్రంలో వంట చేసే లక్ష్మమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "పది కిలోల బియ్యంతోని కొండ కడ్తరా? కట్టుండ్రి. రంగులు గిట చల్లొద్దు. పన్నెండు కొట్టంగనె నా బియ్యం నాకు రావాలె."

"మాట ఇస్తున్నానమ్మా" అన్నారు ఈయన.

సెమినార్ హాల్లో పెద్ద బల్ల మీద ఉతికిన దుప్పటి పరిచి, బియ్యంతో కొండ పేర్చారు. కింద డిపో ఒక కుప్ప, మధ్యలో నిల్వ ఇంకో కుప్ప, దారికి దారం, శిఖరం మీద మన సైనికులకు గుర్తుగా ఎండుమిరపకాయలు. ఈసారి నోరు తడబడలేదు. అయినా ప్రొఫెసరు గారు మెత్తబడలేదు. "శిఖరం వదిలేయాలా వద్దా అన్నది పైవాళ్లు తేల్చే విషయం. సరుకు తేల్చేదేంటి?" అని అక్కడే పట్టుకు కూర్చున్నారు. చూస్తుండగానే పన్నెండయింది. గుమ్మంలో లక్ష్మమ్మ, చేతిలో గంప.

"సార్, నా బియ్యం ఇయ్యిండ్రి. ఎసరు మరుగుతున్నది."

"పది నిమిషాలాగమ్మా" అన్నారు ప్రొఫెసరు గారు విసుగ్గా.

"వండేది మీకే సార్. లేటైతె మీరే ఉపాసముంటరు."

అయిపోయింది అనుకున్నాను. ఈయన మాత్రం పక్కకు జరిగి, "మాట ఇచ్చాను సర్, తీసుకోనివ్వండి" అన్నారు. ఆమె ముందు చేతికందిన డిపో కుప్పను గంపలోకి ఎత్తుకుంది, తర్వాత మధ్య కుప్పను. హాలంతా ఆమె చేతుల్నే చూస్తోంది. "శిఖరం మీద మనుషులు అంతే ఉన్నారు సర్, ఒక్కరూ తగ్గలేదు" అంటూ ఈయన మిరపకాయల్ని ఒక్కొక్కటిగా కిందికి దించారు. చివరికి లక్ష్మమ్మ కొండను కూడా ఎత్తుకుంది.

"వెనక్కి రమ్మని ఆర్డరు ఎవరిచ్చారు?" అని అడిగారు ప్రొఫెసరు గారు.

"ఎవరూ ఇవ్వలేదు సర్. బియ్యం అయిపోయింది."

ఆయన ఖాళీ దుప్పటిని పక్కకు జరిపి, థీసిస్ ప్రతి తిరగేశారు. "ఈ మాట థీసిస్‌లో ఎక్కడుంది?"

"లేదు సర్."

"మొదటి పేజీలో రాయండి. రాసి సమర్పించండి" అన్నారు. మృదుల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

భోజనాల దగ్గర ప్రొఫెసరు గారూ, ఈయనా పక్కపక్కనే కూర్చుని, ఆ కొండనే అన్నంగా తిన్నారు. సైన్యంలో ఈయన చేసిన పని వేరు, ఇప్పటి చదువు వేరు అని ఇన్నాళ్లూ అనుకున్నాను. రెండూ ఒకటేనని దుప్పటి ఖాళీ అవుతుంటే తెలిసింది. ఇన్నేళ్లుగా నా ఒళ్లు మండించిన పేరుతో ఆయన్ని మొదటిసారి నేనే పిలిచాను. "పప్పుబియ్యం సాబ్, ఇంకొంచెం పప్పు వేయనా?" అన్నాను. ఆయన తలెత్తి నా వైపు చూసి, కంచం ముందుకు జరిపారు.

మీకూ ఇలాంటి ప్రయాణం పడితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మెట్రోలోకి తడి ఇసుక రానివ్వరు. వెళ్లేచోట వంటగది ఉందో లేదో కనుక్కుని బయల్దేరండి, బియ్యం అడిగితే మాత్రం చెప్పిన వేళకి తిరిగిచ్చేయండి.